ఆరు మీటర్ల వ్యాన్‌లో అరలెన్ని, ఖాళీ ఎంత?

జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో ఏటా వేసవి చివర జరిగే కారవాన్ సలోన్ ప్రదర్శనకు జనం ఉత్త చేతులతో వస్తారు. వరసగా నిలబెట్టిన క్యాంపర్‌వ్యాన్లలోకి ఎక్కి, మంచం మీద ఒకసారి వాలి, రెండు సొరుగులు లాగి చూసి దిగిపోతారు. ఆ వ్యాన్లలో తడి చెప్పులుండవు, పిల్లల జాకెట్లుండవు, రాత్రి కప్పుకునే దుప్పట్లుండవు, బియ్యం సంచి అంతకన్నా ఉండదు. అరలు ఎక్కువున్న బండి చూసి "అబ్బో, ఎంత సామానైనా పడుతుంది" అంటారు. నేల ఎక్కువున్న బండి చూసి "ఎంత విశాలంగా ఉందో" అంటారు. రెండు మాటలూ నిజమే. తీరా కొన్నాక ఆ రెండూ అక్కరకు రావు.

సామానుకు చోటా, మనుషులకు చోటా అన్న తగవు క్యాంపర్‌వ్యాన్ పుట్టినప్పటి నుంచీ ఉంది. ప్రతి వస్తువుకూ ఒక గూడు లేకపోతే బండిలో బతకలేం, ఖాళీ అనేది ఫొటోల కోసం అంటుంది ఒక పక్షం. ఉన్న చోటంతా చెక్కతో నింపేస్తే మిగిలేది చక్రాల మీద బీరువా అంటుంది రెండోది. ఇన్నేళ్లుగా తయారైన బండ్లను, వాటి చుట్టూ వచ్చిన చట్టాలను, బరువుల లెక్కలను వరసగా చూస్తే ఇద్దరూ కొలబద్ద దగ్గరే తప్పుతున్నారనిపిస్తుంది. ఒకరు లీటర్లలో కొలుస్తారు, ఇంకొకరు చదరపు అడుగుల్లో. ఒక వస్తువు తీయాలంటే ముందు ఎన్ని వస్తువులు జరపాలి, ఎవరెవరు లేవాలి అన్నది ఎవరూ కొలవరు. బండిలో నాలుగు రోజులు గడిపినవాళ్లను విసిగించేది మాత్రం సరిగ్గా అదే.

ముందు నేల లెక్క తేల్చుకుందాం. యూరప్‌లో క్యాంపర్లుగా మారే బండ్లలో ఎక్కువ భాగం ఫియట్ డుకాటోలు. అందులో బాగా నడిచే రకం పొడవు 5.99 మీటర్లు. బయటి వెడల్పు 2.05, లోపల గోడకూ గోడకూ మధ్య గరిష్ఠంగా 1.87. డ్రైవర్ సీట్ల వెనక సామాను గది పొడవు 3.7 మీటర్లు. అంటే నేల ఏడు చదరపు మీటర్లకు కాస్త తక్కువ, మన లెక్కలో 75 చదరపు అడుగులు. గోడలకు ఇన్సులేషన్ వేసి పైన పలక కొట్టాక ఇటు కొంత, అటు కొంత పోతుంది. వెనక అడ్డంగా వేసిన జంట మంచం రెండున్నర చదరపు మీటర్లకు పైగా తింటుంది. బాత్రూమ్, వంట గట్టు, ఇద్దరు కూర్చునే బెంచీ కలిసి మరో రెండు. ఇక మిగిలేది రెండు చదరపు మీటర్ల చిల్లర. అందులోనూ పక్క తలుపు దగ్గర మెట్టు పోను, నిలబడి చొక్కా తొడుక్కోగలిగే చోటు ఒక్కరికే. ముందు సీట్లు రెండింటినీ వెనక్కి తిప్పుకునే ఏర్పాటు ఉండబట్టి ఆ కాస్త చోటుకీ ఊపిరి ఆడుతోంది. యూరోపియన్ క్యాంపర్ అంత చిన్న నేల మీద ఇల్లులా కనబడటానికి సగం కారణం ఆ తిరిగే సీట్లే.

ఈ తగవుకు మొదటి జవాబు 1951లో వచ్చింది. డచ్ వ్యాపారి బెన్ పాన్ 1947లో గీసిన చిత్తుబొమ్మ నుంచి ఫోక్స్‌వాగన్ ట్రాన్స్‌పోర్టర్ పుట్టి, 1950లో ఉత్పత్తిలోకి వచ్చింది. మరుసటి ఏడాదే వీడెన్‌బ్రూక్‌లోని వెస్ట్‌ఫాలియా కంపెనీ దానికొక క్యాంపింగ్ పెట్టె తయారు చేసింది. వారమంతా సరుకు మోసే వ్యాన్‌లోకి సెలవులకు ఆ పెట్టె ఎక్కించుకోవాలి, తిరిగొచ్చాక దించేయాలి. యుద్ధం తర్వాతి జర్మనీలో చిన్న వ్యాపారికి రెండు బండ్లు కొనే స్తోమత లేదు మరి. ఖాళీ అతని బతుకుతెరువు, అరలు అతని సెలవులు. రెండింటినీ ఒకేసారి బండిలో ఉంచాలన్న పట్టుదల అప్పటికి లేదు. ఆ తర్వాత పెట్టె నేలకు బిగిసింది. ఒక పక్క గోడ పొడవునా వంటగట్టు, అల్మరాలు, వెనక పడక అయ్యే బెంచీ, పైన లేచే కప్పు. ఈ అమరికే కాస్త కాస్త మారుతూ 1988లో కాలిఫోర్నియా పేరుతో వచ్చిన బండిలోకీ, దాని తర్వాతి తరాల్లోకీ నడిచింది.

అందులో ఒక ఏర్పాటును దగ్గరగా చూడాలి. ఆ తర్వాతి తరాల కాలిఫోర్నియాల్లో వెనక తలుపు లోపలి వైపు ఒక సంచి ఉంటుంది. జిప్ తీస్తే మడత కుర్చీలు రెండు. పక్కకు జరిగే తలుపు లోపలి పలకలో ఒక సందు, అందులో బయట వేసుకునే బల్ల. ఈ మూడింటికీ వాడిన చోటు తలుపుల మందం. నేలలో ఒక్క అంగుళం పోలేదు, ఒక్క అర తగ్గలేదు. కుర్చీ తీయడానికి ఇంకో వస్తువు జరపనక్కర్లేదు. వాన పడుతుంటే పైకి లేచిన వెనక తలుపే గొడుగు, దాని కింద నిలబడి కుర్చీలు తీసుకోవచ్చు. గీసినవాడెవడో వానలో తడిసి ఉంటాడు. క్యాంపర్ల చరిత్రలో అరల పక్షాన్నీ ఖాళీ పక్షాన్నీ ఒకేసారి ఒప్పించిన ఏర్పాట్లు చాలా తక్కువ. వాటిలో దీనికి నేను మొదటి స్థానం ఇస్తాను.

అసలు పోరు మంచం దగ్గర. మంచం ఎక్కడ, ఏ రూపంలో ఉంటుందో తేలితే మిగతా ప్లాన్ దానంతటదే పడుతుంది.

కదలని మంచం తీసుకోండి. డుకాటో వెనక భాగంలో అడ్డంగా, నేలకు ముప్పావు మీటరు ఎత్తున వేస్తే కింద రెండు ఘనపు మీటర్ల గది దొరుకుతుంది. చక్రాల గుబ్బల మధ్య వెడల్పు 1.42 మీటర్లు, కాబట్టి పెద్ద పెట్టెలు కూడా పడతాయి. వెనక తలుపులు తీసి బయటి నుంచే సామాను తీసుకోవచ్చు. రాత్రి పదింటికి మంచం వేయక్కర్లేదు, పొద్దున తీయక్కర్లేదు. మధ్యాహ్నం తలనొప్పి వస్తే పడుకోవచ్చు. దీనికి కట్టే సుంకం పగలంతా పోయే ఆ రెండున్నర చదరపు మీటర్లు. అడ్డ మంచానికి ఇంకో చిక్కు ఉంది. లోపలి వెడల్పు డుకాటోలో 1.87 అయితే మెర్సిడెస్ స్ప్రింటర్‌లో 1.78 దగ్గర ఆగిపోతుంది. ఆరడుగుల మనిషి స్ప్రింటర్‌లో అడ్డంగా పడుకోవాలంటే గోడలను బయటికి ఉబ్బించే ప్లాస్టిక్ గూళ్లు బిగించాలి, లేదా మంచాన్ని నిలువుగా తిప్పాలి. నిలువు మంచాలకు బండి పొడవు పెరగాలి. అందుకే డుకాటోలో 6.36 మీటర్ల రకం ఉంది.

మడిచే బెంచీ దీనికి పూర్తిగా తిరగేసిన బేరం. పగలు నలుగురు కూర్చునే గది, రాత్రి ఇద్దరికి పడక. చూడటానికి బాగుంటుంది. పగలంతా పరుపు, దుప్పట్లు ఎక్కడుంటాయి అన్న ప్రశ్నకు మాత్రం బ్రోషర్లలో జవాబుండదు. అవి బెంచీ వెనక చేరి కిటికీకి అడ్డమవుతాయి, లేదా పైకప్పు పడక మీద కుప్పపడతాయి. ఒకరికి నిద్రొస్తే ఇద్దరూ పడుకోవాల్సిందే, లేదా ఇంకొకరు ముందు సీట్లోకి వెళ్లాలి. బెంచీ కింద సామాను పెట్టె ఉంటే అది రాత్రి మూతపడిపోతుంది, పైన మనుషులు పడుకుని ఉంటారు కాబట్టి. దగ్గు మందు అందులో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

మధ్యేమార్గాలు చాలా వచ్చాయి. అమెరికాలో విన్నెబాగో కంపెనీ రెవెల్ అనే స్ప్రింటర్ క్యాంపర్‌లో మంచాన్ని కరెంటు మోటారుతో పైకి లేపింది. పగలు కింద సైకిళ్లు, రాత్రి పైన నిద్ర. అదే కంపెనీ సోలిస్‌లో మంచాన్ని గోడకు ఎత్తి మడిచింది. రెండూ తెలివైనవే. అయితే యంత్రానికి బరువుంది, ఖరీదుంది. పైకి లేచిన మంచం తల దగ్గరి ఖాళీని తింటుంది. ఇక లేచే కప్పులో పడక సంగతి. కింది నేలను ముట్టకుండా ఇద్దరికి చోటిస్తుంది. బండి ఎత్తు రెండు మీటర్లలోపు ఉంటుంది కాబట్టి సెల్లార్ పార్కింగుల్లోకి దూరుతుంది. బదులుగా గుడ్డ గోడల్లోంచి చలీ, రోడ్డు చప్పుడూ వస్తాయి, పై అరలు పెట్టుకునే గోడే ఉండదు. నన్నడిగితే, ఇద్దరే వెళ్లి వారాల తరబడి తిరిగేవాళ్లకు కదలని మంచం తన సుంకం తానే తీర్చుకుంటుంది. శని ఆదివారాలు పిల్లలతో వెళ్లేవాళ్లకు బెంచీ చాలు. రోజూ మంచం వేసి తీయడం రెండు రోజులు ఆటలా ఉంటుంది, పదో రోజుకు పనైపోతుంది.

అరల పక్షానికి చట్టం అండ కూడా ఉంది. యూరప్ నిబంధనల ప్రకారం ఒక బండిని మోటార్ కారవాన్ అనాలంటే సీట్లూ బల్లా, పడక, వంట ఏర్పాటు, సామాను పెట్టుకునే ఏర్పాటు, ఈ నాలుగూ ఉండాలి, అవి బండికి గట్టిగా బిగించి ఉండాలి. తేలిగ్గా తీసేందుకు వీలున్నది బల్ల ఒక్కటే. కాగితాల్లో బండి రకం మార్చుకోవాలనుకునేవాళ్లు కనీసం ఒక అల్మరా అయినా బిగించి తీరాలి. ఇష్టం ఉన్నా లేకపోయినా అరలు రాజముద్ర వేయించుకుని వచ్చాయి.

ఖాళీకి కూడా ఒక దేశం చట్టం చేసింది, అది న్యూజిలాండ్. అక్కడ క్యాంప్ మైదానాలు కాని చోట్ల బండి ఆపి పడుకోవాలంటే చాలా ప్రాంతాల్లో స్వయంసమృద్ధి ధ్రువపత్రం ఉండాలి. చిన్న వ్యాన్లవాళ్లు మంచం కింద ఎక్కడో ఒక పోర్టబుల్ టాయిలెట్ దూర్చి పత్రం తెచ్చుకునేవారు. దాన్ని బయటికి తీయాలంటే మంచం విప్పాలి, విప్పేదెవరు? 2017లో ప్రమాణాన్ని సవరించి, మంచం వేసి ఉన్నప్పుడు కూడా తలా మోచేతులూ ఆడేంత చోటుతో టాయిలెట్ వాడుకోగలగాలి అన్నారు. 2023 చట్టంతో టాయిలెట్ బండికి బిగించి ఉండాలన్నారు. అర్ధరాత్రి, మంచం వేసి ఉంది, మనిషికి అవసరమొచ్చింది, అప్పుడు చోటుందా? ప్లాన్ గీసేవాళ్లు వేసుకోవాల్సిన ప్రశ్నను అక్కడ ప్రభుత్వం వేసింది.

ఇప్పుడు బరువు. అరల మీద మోజున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. యూరప్‌లో మామూలు కారు లైసెన్సుతో నడిపే బండి మొత్తం బరువు హద్దు 3,500 కిలోలు. ఆరు మీటర్ల క్యాంపర్ ఖాళీగానే 2,800 నుంచి 3,000 కిలోల దాకా తూగుతుంది. నిండు తొట్టిలో 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు. పక్క సీటు మనిషి, పందిరి గుడ్డ, రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు కలిస్తే హద్దు కనుచూపు మేరలోకి వస్తుంది. అరల చెక్కకే బరువుంది. 15 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లైవుడ్ చదరపు మీటరు పది కిలోలు, అదే మందం పాప్లర్ ఏడు కిలోలు. ఇరవై చదరపు మీటర్ల పలక పడే పనిలో చెక్క ఎంపిక ఒక్కటే అరవై కిలోలు మిగుల్చుతుంది. అందుకే పెద్ద కంపెనీలు పాప్లర్ వాడతాయి. ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్లు మాత్రం "గట్టిగా ఉండాలి" అని బిర్చ్ కొంటారు.

బరువు ఎక్కడ పెట్టామన్నది ఇంకా ముఖ్యం. ఆ 5.99 మీటర్ల డుకాటోలో ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 4.035 మీటర్లు. వెనక ఇరుసుకు ఒక మీటరు వెనకగా, అంటే వెనక తలుపును ఆనుకుని, 100 కిలోలు పెట్టారనుకుందాం. త్రాసు సూత్రం ప్రకారం వెనక ఇరుసు మీద సుమారు 125 కిలోలు పడుతుంది. ముందు ఇరుసు మీద 25 కిలోలు తేలిపోతుంది. డుకాటో ముందు చక్రాలతో నడిచే బండి. ముందు బరువు తేలిందంటే తడి గడ్డి మీద చక్రాలు ఊరికే తిరుగుతాయి. మంచం కింద దొరికిన రెండు ఘనపు మీటర్ల గది ఎంత ఊరించినా, బరువైనవి దాని ముందు గోడకు ఆనించి అడుగున పెట్టాలి, వెనక భాగంలో దుప్పట్లూ బట్టలూ చాలు. పై అరల్లో డబ్బాల పప్పులు, పచ్చళ్లు పెట్టేవాళ్లు మలుపుల్లో బండి ఊగడానికి రోడ్డును తిడతారు.

ఉన్న అర నిండకుండా ఉండదు. దీనికి పేరున్న సాక్షి రచయిత జాన్ స్టైన్‌బెక్. 1960లో ఆయన ఒక ట్రక్కు మీద చిన్న గది కట్టించుకుని, దానికి డాన్ కిహోటే గుర్రం పేరు రోసినాంటే అని పెట్టి, కుక్కను తోడు తీసుకుని అమెరికా చుట్టొచ్చాడు. ఆ ప్రయాణం 1962లో పుస్తకమైంది. బయల్దేరేటప్పుడు ఎన్నాళ్లనుంచో చదవాలనుకుంటూ చదవని పుస్తకాలే 150 పౌండ్లు, అంటే 68 కిలోలు ఎక్కించానని, అవి ఎప్పటికీ చదవని పుస్తకాలేనని ఆయనే రాసుకున్నాడు. ఆ బండి ఇప్పుడు కాలిఫోర్నియాలోని సాలినాస్‌లో, ఆయన పేరు మీదున్న కేంద్రంలో ఉంది. నోబెల్ గ్రహీతే తప్పించుకోలేకపోయాడంటే అరకు ఎంత లాగే గుణం ఉందో ఊహించుకోవచ్చు.

అరలన్నీ దుబారా అని తేల్చేయడం కూడా అన్యాయమే. జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన నోమాడ్‌లాండ్ పుస్తకం, దాన్నుంచి క్లోయీ జావ్ తీసిన సినిమా చూపించిన మనుషులు సెలవులకు వెళ్లినవాళ్లు కారు. ఇంటద్దె కట్టలేక వ్యాన్లలోకి మారినవాళ్లు, ఆరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో చలికాలం గడిపేవాళ్లు. వాళ్ల బండిలో చలి బట్టలూ ఎండ బట్టలూ రెండూ ఉండాలి, పనిముట్లు ఉండాలి, మందులు, కాగితాలు ఉండాలి. ఇంకెక్కడో ఒక ఇల్లుండి, అక్కడ బీరువా ఉన్నవాళ్లకే ఖాళీ వ్యాన్ అందంగా కనిపిస్తుంది. 2011లో ఫోస్టర్ హంటింగ్టన్ వ్యాన్‌లైఫ్ హ్యాష్‌ట్యాగ్ మొదలుపెట్టాక వచ్చిన ఫొటోల్లో వెనక తలుపులు తెరిచి ఉంటాయి, తెల్ల దుప్పటి ఉంటుంది, ఎదురుగా సముద్రం ఉంటుంది. ఫొటో తీసేముందు ఆ మంచం మీది సామానంతా ముందు సీటు మీదికి వెళ్లి ఉంటుందని నా అనుమానం.

ఖాళీ పక్షం చెప్పేవాటిలో నాకు అన్నిటికన్నా బలంగా తోచేది ఖాళీ ఏ ఎత్తులో ఉండాలన్న మాట. నడిచే దారి పాదాల దగ్గర అరవై సెంటీమీటర్లున్నా సరిపోతుంది. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర చాలదు. నడుం ఎత్తు వరకు రెండు పక్కలా అల్మరాలున్నా వ్యాన్ ఇరుకనిపించదు. తల ఎత్తున రెండు పక్కలా ముప్పై సెంటీమీటర్ల లోతు అరలు బిగిస్తే 1.80 గది 1.20 సందు అయిపోతుంది. కూర్చున్నవాడు లేచిన ప్రతిసారీ తల కొట్టుకుంటాడు. మన పాత ఇళ్లలో అటక మీదికి ఏడాదికి రెండుసార్లు ఎక్కేవారు కాబట్టి చెల్లింది. వ్యాన్‌లో పై అరలు ఒక పక్కే ఉండాలి, వంటగట్టు పైనో మంచం పైనో. ఎదుటి గోడ భుజాలకు వదిలేయాలి. దీనికి తేమ గొడవ కూడా తోడవుతుంది. ఇద్దరు మనుషులు నిద్రపోతే తెల్లారేసరికి అర లీటరు దాకా నీటి ఆవిరి గాల్లో కలుస్తుంది. చల్లటి రేకు గోడకు ఆనించిన అల్మరా వెనక గాలి ఆడకపోతే ఆ తేమంతా అక్కడే చేరి బూజు పడుతుంది. వెనక వేలెడు సందు వదలని అల్మరా బట్టలను దాచదు, నాన్చుతుంది.

మొదట అన్న కొలబద్ద సంగతికి రావాలి. అమెరికాలో మనవాళ్లు నేషనల్ పార్కులు చూడటానికి వ్యాన్ అద్దెకు తీసుకుంటే సామాన్లలో ప్రెషర్ కుక్కర్ ఉండటం మామూలే. ఆ వ్యాన్ల వంట సొరుగులు ఒకదానిలో ఒకటి దూరే పల్చని గిన్నెలను తలచుకుని చేసినవి. అయిదు లీటర్ల కుక్కర్ ఎత్తుకు సొరుగు మూతపడదు, పిడి అడ్డం తిరుగుతుంది. బెంచీ కింద పెట్టెలో పెడతారు. పొద్దున పప్పు పెట్టాలంటే బెంచీ మీద కూర్చున్న పిల్లవాణ్ణి లేపాలి, మెత్త తీసి మంచం మీద పడేయాలి, మూత ఎత్తి తలతో ఆపాలి, పైనున్న ఉల్లిపాయల సంచీ, చెప్పులూ బయటపెట్టి కుక్కర్ తీయాలి. ఈలోగా పక్క తలుపు దగ్గరి నేల అంతా ఆ సామానే. మూడో రోజుకు కుక్కర్ సింకులోనే కాపురం పెడుతుంది, సింకు పోతుంది. ఆ బెంచీ పెట్టెలో వంద లీటర్లు పడతాయని ప్లాన్‌లో రాసి ఉంటుంది. అదే పెట్టెకు మూత తీసేసి దారివైపు ఒక సొరుగు పెడితే పట్టే సామాను కొంత తగ్గుతుంది. ఎవర్నీ లేపక్కర్లేదు.

ఆ సొరుగు తెరుచుకోవాలంటే దాని ముందు నేల ఖాళీగా ఉండాలి. యాభై సెంటీమీటర్ల సొరుగుకు యాభై సెంటీమీటర్ల ఖాళీ కావాలి, తీసేవాడు నిలబడటానికి ఇంకొంత. అంటే దారి మధ్యలో వదిలిన నేల అరల సొత్తు కూడా. ఖాళీ కుంచించుకుపోయిన వ్యాన్‌లో అరలు ఉన్నా లేనట్టే. అటు అరలు చాలని వ్యాన్‌లో సంచులు నేలకెక్కి ఖాళీని మింగేస్తాయి. రెండు పక్షాలూ ఒకరి చోటు మీద ఒకరు బతుకుతున్నారు. ఆర్కిటెక్ట్ మార్గరెటె షూటె-లిహోట్‌స్కీ 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిని గీసినప్పుడు పట్టుకున్న సూత్రం ఇదే. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న ఆ గదికి ఆమె రైలు భోజన పెట్టెల్లోని వంటగదులను చూసింది, పనిచేసే మనిషి వేసే అడుగులను లెక్కపెట్టింది. వందేళ్లు కావస్తున్నా చాలామంది వ్యాన్ తయారీదారులు పెట్టె పరిమాణం దగ్గరే ఆగిపోయారు.

జపాన్‌వాళ్లు ఈ తగవును ఇంకో దారిలో తప్పించుకున్నారు. అక్కడి కేయి తరగతి బండి పొడవు 3.40 మీటర్లు, వెడల్పు 1.48, ఎత్తు 2 మీటర్లు దాటకూడదు. ఇంజన్ 660 సీసీ. అంతలో కూడా క్యాంపర్లు చేస్తారు. లోపల బండి పొడవునా ఒకే ఎత్తున పలకలు పరుస్తారు, కింద సామాను, పైన మనుషులు. నేల మీద కూర్చునే అలవాటున్న చోట సీటు, బల్ల, మంచం అంటూ మూడు వేరే వస్తువులు అక్కర్లేదు. నిలబడే ఎత్తు కూడా అక్కర్లేదు. చెప్పులు బయట విడిస్తే చాలు. బాసింపట్టు వేసుకుని గంటలు కూర్చోగల మనకు ఈ అమరిక నప్పుతుందని నా అభిప్రాయం. మన దగ్గర క్యాంపర్లు చేసేవాళ్లు మాత్రం సోఫా లేని బండిని బండిగా లెక్కపెట్టరు.

2024లో వచ్చిన కొత్త కాలిఫోర్నియా ఖాళీ వైపు ఒక అడుగు వేసింది. డ్రైవర్ వైపు కూడా జరిగే తలుపు పెట్టారు. దానికోసం వంటగట్టు పొట్టిదైంది. కొన్ని రకాల్లో వెనక బెంచీ పోయి విడి సీట్లు వచ్చాయి. ఫ్రిజ్ సొరుగులా మారింది, ఆ తలుపు తీస్తే బయట నిలబడి కూడా అందుతుంది. గోడ పొడవునా ఉన్న పాత అల్మరాలకు అలవాటుపడినవాళ్లకు ఇది నష్టంగా కనిపిస్తుంది. లీటర్లలో చూస్తే నష్టమే. నా కొలబద్దతో చూస్తే లాభం.

ఇక మన దగ్గరి సంగతి. తెలుగువాళ్లకు క్యారవాన్ అంటే షూటింగ్ దగ్గర హీరో సేదదీరే బండి. దానికి అరల బాధ లేదు, సామాను వేరే బండ్లలో వస్తుంది. ప్రయాణికుల క్యారవాన్‌కు కేరళ 2021లో కేరవాన్ కేరళ పేరుతో ఒక విధానమే తెచ్చింది. మోటార్ క్యారవాన్ల ఆమోదానికి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. సొంతంగా వ్యాన్ కొని లోపల తోచినట్టు చేయించుకుందామనుకునేవాళ్లకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుపడుతుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి ఇక్కడ అరల గొడవకన్నా ముందు కాగితాల గొడవ తేల్చుకోవాలి.

అది తేలాక విదేశీ ప్లాన్‌ను అలాగే దించితే కుదరదు. మన అద్దె క్యారవాన్లు ఎక్కువగా డ్రైవర్‌తో వస్తాయి. ముందు సీట్లు అతని చోటు, వెనక కుటుంబం, మధ్యలో అడ్డుగోడ. డుకాటోకు ఊపిరి పోసిన తిరిగే సీట్లు ఇక్కడ పనికిరావు. అదే పొడవు బండిలో పగటి గది మూడో వంతు దాకా తగ్గిపోతుంది, పైగా ఎక్కేవాళ్లు ఇద్దరు కాదు, నలుగురో ఆరుగురో. ఎండకు ఏసీ, దానికి బ్యాటరీలు లేదా జనరేటరు, వాటికి మళ్లీ చోటు. ఇవన్నీ పోను డ్రైవర్ రాత్రి ఎక్కడ పడుకుంటాడన్నది చాలా ప్లాన్లలో కనబడదు. సీటు వాల్చుకుని పడుకుంటాడులే అనుకుంటారు. మర్నాడు ఘాట్ రోడ్డు మీద బండి నడపాల్సింది అతనే. ముందు సీట్ల పైన, కప్పు కింద, ఒక మనిషి కాళ్లు చాపుకునే బల్ల వేయొచ్చు. ఇప్పుడు ఆ చోటులో సాధారణంగా అతిథుల సూట్‌కేసులు పెట్టుకునే అర ఉంటుంది.